కాడి దించని మధ్యాహ్నం

శనివారం సాయంత్రం ఐదు గంటల పది నిమిషాలు.

మొర్రిగుడ కాఫీ యూనిట్ షెడ్డులో శవం మీద గోనెపట్టా కప్పి ఉంది. పట్టా చివర రెండు పాదాలు కనిపిస్తున్నాయి. ఒక కాలికి చెప్పుంది. రెండో కాలికి లేదు.

ఎస్సై వరహాలరావు ముందు ఆ రెండో చెప్పు కోసం వెతికాడు. అది డ్రయ్యర్ కింద దొరికింది.

డ్రయ్యర్ అంటే మనిషెత్తు ఇనుప డ్రమ్ము. అడ్డంగా పడుకోబెట్టి ఉంటుంది. కడిగిన కాఫీ గింజలు అందులో పోస్తారు. కట్టెల పొయ్యి నుంచి వేడిగాలి వస్తుంది. మోటారు డ్రమ్మును తిప్పుతుంది. డ్రమ్ము పక్కన ఒక తలుపు, మనిషి నడుము దాకా దూరేంత.

ఆ తలుపులో దూరి, లోపల అంటుకున్న గింజల్ని బ్రష్షుతో గీకుతున్నాడు ధనుంజయ్. ఆగి ఉన్న డ్రమ్ము తిరిగింది.

"ఎన్నింటికి?"

"మూడు నలభై ఆరు సార్," అన్నాడు కానిస్టేబుల్ భాస్కర్. "ఇయర్‌ఫోన్ పెట్టుకుని పెళ్ళాంతో మాట్లాడతన్నాడు. కాల్ అప్పుడే కట్టయింది. ఫోన్లో టైముంది."

గోడ మీద చిన్న పెట్టె ఉంది. ఒక పచ్చ బొత్తాం, ఒక ఎర్ర బొత్తాం, పైన అంకెలు చూపే అద్దం. ఆ పక్కనే పెద్ద మెయిన్ స్విచ్. శవాన్ని బయటికి లాగేటప్పుడు ఎవరో మెయిన్ దించేశారు. అద్దం నల్లగా ఉంది.

పెట్టె కింద నేల మీద కూర్చున్నాడు మల్లేశు. యాభై ఏళ్ళ మనిషి. డ్రయ్యర్ ఆపరేటరు. చచ్చిపోయినవాడు అతని చెల్లెలి మొగుడు.

మొదట రాజులమ్మ. గింజలు ఏరే ముసలామె.

"ఏం చూశావు?"

"డ్రమ్ము గుర్రుమంది బాబూ. అరుపు ఇనబడింది. పరిగెట్టొచ్చినాను. మల్లేశు సెయ్యి బొత్తాం మీదుంది."

"ఏ బొత్తాం?"

"నాకేటి తెలుసు. రెండూ పక్కపక్కనే కదా. మనుసుల్ని పిలవడానికి ఎనక్కి పరిగెట్టినాను."

తర్వాత మేనేజర్ శివప్రసాద్. ఇస్త్రీ చొక్కా. ఫోన్ ముందే తెరిచి పట్టుకున్నాడు.

"ఎవిడెన్సు పోకూడదని ఫొటో తీశాను సార్. నేనొచ్చేసరికి కూడా అక్కడి నుంచి కదల్లేదు వీడు."

ఫొటోలో మల్లేశు పెట్టె మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. నోరు తెరుచుకుని ఉంది. అతని భుజం పైన ఎర్రటి అంకెలు. ఫొటో తీసిన సమయం 3:52:01.

"ఆ అంకెలేమిటి?"

"మిషన్ ఆన్ చేసి ఎన్ని సెకన్లయిందో చూపిస్తుంది సార్."

"అప్పటికి ధనుంజయ్ ఎక్కడున్నాడు?"

శివప్రసాద్ డ్రమ్ము వైపు చూశాడు. "లోపలే."

"బయటికి లాగకముందే ఫొటో తీశావన్నమాట."

వరహాలరావు ఆ ఫొటోను తన ఫోన్‌కి పంపించుకున్నాడు.

చివరికి మల్లేశు.

"నొక్కావా?"

"నొక్కినాను బాబూ. ఎర్రది. ఆపడానికి."

"పచ్చది ఎవరు నొక్కారు?"

"ఎవులూ నొక్కలేదు."

"మరి ఎలా తిరిగింది?"

"తెలీదు."

"షెడ్డులో ఎవరెవరున్నారు?"

"ఆడూ నానూ."

"ఇంకెవరూ రాలేదా? బాగా గుర్తు తెచ్చుకో."

"రాలేదు బాబూ. మేవిద్దరమే."

వరహాలరావు అతని ముఖం చూశాడు. తప్పించుకోవడానికి వేరొకడి నీడ కనిపించిందనైనా అనొచ్చు. అనలేదు.

"ఎర్రది నొక్కితే ఎంతసేపాగుతుంది?"

"అరగంట. ఆ పైన దానంతటదే తిరుగుద్ది. గింజ ఒకేపు మాడిపోకుండా."

"క్లీనింగ్‌కి ఎప్పుడు ఆపావు?"

"మూడూ ఇరవై నాలుగు. టైము సెప్పు బావా అని ఆడే అడిగినాడు. ఫోను సూసి సెప్పినాను."

అంటే మూడు యాభై నాలుగు దాకా తిరగకూడదు. ఎనిమిది నిమిషాల ముందే తిరిగింది.

"పొద్దున ఆన్ చేసిందెప్పుడు?"

"ఆరూ నలభై. ఆన్ సెయ్యగానే వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టాల. పెట్టినాను."

"నిన్న సంతలో ధనుంజయ్‌తో గొడవ పడ్డావట. ఏమన్నావు?"

అతని బదులు చుట్టూ మూగిన వాళ్ళలో ఒకడు చెప్పాడు. శుక్రవారం అరకు సంతలో, ఇరవై మంది ముందు, మల్లేశు అన్న మాట. యంతరం కింద పడి సత్తావురా ధనుంజయ్.

షెడ్డు బయట బండ మీద చిన్నమ్మి కూర్చుంది. ధనుంజయ్ భార్య. మల్లేశు సొంత చెల్లెలు. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"ఫోన్లో ఆఖరికి ఏమన్నాడమ్మా?"

"ఇంకా ఎనిమిది నిమిసాలుంది, బయం లేదు అన్నాడు." ఆగింది. ఇంకేదో అనబోయి పెదవి కొరుక్కుంది. "తరవాత గుర్రుమంది."

"ఇంకేమైనా అన్నాడా?"

"లేదు."

వరహాలరావు నోట్‌బుక్‌లో ఆ మాట రాసుకున్నాడు. పక్కన చిన్న చుక్క పెట్టుకున్నాడు.

ఏడు గంటలకు మల్లేశుని అరెస్టు చేశారు. సీఐ ఫోన్ చేశాడు. "క్లియర్ కేసు కదయ్యా. రేపు సాయంత్రానికి మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. నాలుగింటికి అక్కడి నుంచి జీపు కదలాలి. ఘాట్‌లో పొగమంచు పడితే ఇబ్బంది."

ఏడున్నరకు వరహాలరావు స్టేషన్‌లో కాగితం ముందు వేసుకున్నాడు. ఫొటోలో అంకెలు 32415. సెకన్లను గంటలు చేశాడు. చిన్నప్పుడు పలక మీద నేర్చుకున్న భాగహారమే. తొమ్మిది గంటల పదిహేను సెకన్లు.

ఆరూ నలభైకి తొమ్మిది గంటల పదిహేను సెకన్లు కలిపాడు. మూడూ నలభై అయింది.

ఫొటో తీసింది మూడూ యాభై రెండుకి.

మళ్ళీ చేశాడు. అదే లెక్క. దాదాపు పన్నెండు నిమిషాలు తక్కువ. మూడూ నలభైకి ధనుంజయ్ బతికే ఉన్నాడు. గడియారం తప్పా? మనిషి తప్పా?

ఫొటోను పెద్దది చేశాడు. అంకెల ముందు సన్నటి ఎర్రగీత ఒకటుంది. అద్దం మీద గీరుకుందనుకుని వదిలేశాడు ఇంతకు ముందు. గీరిన గీత ఎర్రగా వెలగదు.

"భాస్కర్, ఈ పెట్టె ఎవరు చేశారు?"

"మల్లేశు కూతురేనండి. కనక. పాలిటెక్నిక్ సదివింది. పాత బోర్డు వానాకాలం పిడుగుకి మాడిపోతే, దసరాకి ఈ పిల్లే కొత్తది కట్టింది. ఇప్పుడు విశాఖలో ట్రైనింగ్‌లో ఉంది."

ఆదివారం ఉదయం ఐదు నలభై.

కనక స్టేషన్ మెట్ల మీద నిలబడి ఉంది. ఖాళీగా తిరిగొస్తున్న కూరగాయల వ్యాన్లో ఘాట్ ఎక్కి వచ్చింది. చేతిలో ల్యాప్‌టాప్ సంచి. శాలువా లేదు. పళ్ళు టకటకమంటున్నాయి.

"మా నాన్న చెయ్యలేదు సార్."

"అందరూ అదే అంటారు."

"ధనుంజయ్ మామని చిన్నప్పుడు ఎత్తుకు తిప్పింది మా నాన్నే. మీరు ఏం కావాలంటే అది చెప్తాను. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. ఘాట్ కిందికి తీసుకుపోకండి. కిందికి పోతే మా వాళ్ళు ఎప్పుడొస్తారో తెలీదు."

వరహాలరావు ఫోన్ ఆమె ముందు పెట్టాడు. "ఇది చూడు. నీ పెట్టే కదా. ఈ గీత ఏమిటి?"

కనక ఫొటో చూసింది. ముందు తండ్రి ముఖం చూసింది. తర్వాత అంకెలు.

పళ్ళ చప్పుడు ఆగిపోయింది.

పెదవులు ఏదో కూడుకుంటున్నట్టు కదిలాయి.

"సార్, టైమెంత?"

"ఆరు కావస్తోంది."

"మీ జీపు ఎన్నింటికి?"

"నాలుగింటికి."

"మిషన్ ఇప్పుడే ఆన్ చెయ్యాలి సార్. బేగి. ఏడు లోపల. తొమ్మిది గంటల పైన తిరగాలి. మధ్యలో ఎవరూ ఆపకూడదు."

"ఎందుకు?"

"చెప్తే నమ్మరు. చూపిస్తాను."

"తప్పని తేలితే?"

"అప్పుడు నాన్నని తీసుకెళ్ళండి."

"తప్పు కాదని తేలితే?"

ఆమె చేతులు సంచిలో దాచుకుంది.

ఆరు యాభైకి వరహాలరావు స్వయంగా మెయిన్ ఎత్తాడు. అద్దం మీద ఎర్రగా 1 వెలిగింది. తర్వాత 2. తర్వాత 3. పచ్చ బొత్తాం నొక్కాడు. డ్రమ్ము తిరిగింది. లోపల గింజలు లేవు. ఉత్త ఇనుము చప్పుడు.

మల్లేశుని కూడా తీసుకొచ్చారు. షెడ్డు అవతలి గోడ దగ్గర భాస్కర్ పక్కన కూర్చోబెట్టారు. తండ్రీ కూతుళ్ళు ఒకసారి చూసుకున్నారు.

"తిన్నావేటమ్మా?" అన్నాడు మల్లేశు.

"తిన్నాను నాన్నా."

తినలేదని వరహాలరావుకి తెలుసు.

ఎనిమిదింటికి చిన్నమ్మి వచ్చింది. శవం అరకు ఆసుపత్రిలో ఉంది. బంధువులు అక్కడికి రమ్మన్నారట. పోలేదు.

"నానిక్కడే కూసుంటాను. ఈణ్ణి జీపెక్కించాక పోతాను," అంది. అన్నవైపు చూడలేదు. కనక వైపూ చూడలేదు.

గంటలు కదిలాయి. అంకెలు పెరిగాయి. కనక అంకెల కింద నేల మీద కూర్చుని వాటినే చూస్తోంది. ఎవరో గిన్నెతో అంబలి తెచ్చి పెట్టారు. ముట్టలేదు.

పన్నెండున్నరకి రాజులమ్మ వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా గోడ దగ్గరికి పోయి మెయిన్ మీద చెయ్యి వేసింది.

కనక కెవ్వుమంది. వరహాలరావు ముసలామె చెయ్యి పట్టుకున్నాడు.

"ఏం చేస్తున్నావు?"

"ఏటి సేత్తాను? కాడి దించుతాను." ముసలామె ఎస్సైని ఎగాదిగా చూసింది. "నడినెత్తికొచ్చింది పొద్దు. ఎద్దుకైనా ఈ యేళకి కాడి దించి అంబలి తాగుతాం. దీనికి జీవుం లేదేటి? పని సేసేదానికి ఇరామం ఉండాల. ఈ యంతరం వొచ్చిన కాణ్ణించీ రోజూ నానే దించుతాను."

"రోజూనా?"

"రోజూ."

"మొన్న శుక్రవారం?"

"సంతకెళ్ళే ముందు దించే ఎల్లినాను."

"నిన్న?"

రాజులమ్మ మేనేజర్ వైపు చూసింది. "నిన్న దించనీలేదు. ఆ బాబు."

శివప్రసాద్ ముందుకొచ్చాడు. "మెయిన్ తీస్తే రికార్డు మొత్తం సున్నాకి పోతుంది సార్. ఎన్ని గంటలు ఆరిందో కొనేవాళ్ళకి చూపించాలి. ఇది మిషనమ్మా, ఎద్దు కాదు అని చెప్పాను. నిన్నటి నుంచి రోజంతా మెయిన్ ముట్టుకోవద్దని మొన్ననే చెప్పాను. క్లీనింగ్‌కి ఎర్ర బొత్తాం చాలన్నాను. అందులో తప్పేముంది?"

"మల్లేశు ఒప్పుకున్నాడా?"

"ఎక్కడ సార్. మెయిన్ తియ్యకుండా డ్రమ్ములో తల పెట్టకూడదని పేచీ. ధనుంజయ్ నా మాట విన్నాడు. సంతలో గొడవ దానికే."

వరహాలరావు నోట్‌బుక్ తీశాడు. యంతరం కింద పడి సత్తావురా. ఆ వాక్యం మళ్ళీ చదివాడు. నిన్న అది బెదిరింపులా వినిపించింది.

వరహాలరావుది కూడా సేద్యం ఇల్లే. వాళ్ళ నాన్న కూడా నడిపొద్దున కాడి దించేవాడు. అతను రాజులమ్మ చెయ్యి వదిలాడు.

"ఇవాళొక్కరోజు వద్దమ్మా."

"పాపం తగులుద్ది."

"తగిలితే నాకు తగలనీ."

మూడూ ముప్పై నాలుగు. వరహాలరావు ఎర్ర బొత్తాం నొక్కాడు. డ్రమ్ము ఆగింది. తలుపు తెరిచి, ఊక నింపిన గోనెసంచిని సగం లోపలికి, సగం బయటికి ఉండేలా పెట్టించాడు. అందరినీ పది అడుగుల దూరం జరిపాడు.

"అరగంట ఆగాలి. అంటే నాలుగూ నాలుగు దాకా. భాస్కర్, అతని రెండు చేతులూ పట్టుకో. వదలకు."

భాస్కర్ మల్లేశు మణికట్లు రెండూ పట్టుకున్నాడు.

మూడూ యాభైకి సీఐ ఫోన్. "బయల్దేరారా?"

"పది నిమిషాలు సార్."

"ఏం చేస్తున్నావయ్యా అక్కడ?"

"చూస్తున్నాను సార్."

మూడూ యాభై ఐదు. అద్దం మీద 32700. కనక లేచి నిలబడింది.

32750. 32760.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు వరహాలరావు.

"సెకనుకొకసారి టైమర్ ఇంటరప్ట్ వస్తుంది సార్." ఆమె గొంతు పీలగా ఉంది. "చిప్పు చేసే పని ఆపి, ఒకటి కూడుకుని, మళ్ళీ పనిలోకి పోతుంది. ఆ కూడిక దాచుకునే వేరియబుల్..."

32765. 32766. 32767.

అంకెల ముందు సన్నటి ఎర్రగీత వెలిగింది.

మోటారు పెట్టెలో టక్కుమంది. డ్రమ్ము గుర్రుమని తిరిగింది. గోనెసంచి గిర్రున లోపలికి పోయి, అంచుకీ ఇనుప చట్రానికీ మధ్య నలిగి చిరిగింది. ఊక షెడ్డంతా ఎగిరింది.

చిన్నమ్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

గోడ మీద బొత్తాల దగ్గర ఎవరూ లేరు.

"మూడూ యాభై ఆరు," అన్నాడు వరహాలరావు. "ఆన్ చేసిన తొమ్మిది గంటల ఆరు నిమిషాలకి. నిన్న ఆరూ నలభైకి ఆన్ చేశారు. మూడూ నలభై ఆరుకి తిరిగింది. మేనేజర్ గారి ఫొటోలో సాక్ష్యం ఉంది. మనమంతా మల్లేశు చేతినే చూశాం. అంకెల ముందు గీతని చూడలేదు. మిగతాది నువ్వు చెప్పు."

"కుంచం లాంటిది సార్ ఆ వేరియబుల్. ముప్పై రెండు వేల ఏడొందల అరవై ఏడు గింజలే పడతాయి. ఇంకో గింజ వేస్తే కారిపోదు. బోర్లా పడుతుంది. లెక్క మైనస్‌లోకి పోతుంది, ఆ గీత అదే; అక్కడి నుంచి అంకె సెకనుకొకటి తగ్గుతూ వస్తుంది, అందుకే ఫొటోలో 32415. ఆపి ఎంతసేపయిందని చిప్పు చూసుకుంటుంది. మైనస్‌లోంచి తీసివేస్తే పిచ్చి అంకె వస్తుంది. అరగంట ఎప్పుడో దాటిపోయిందనుకుని మోటారు వేస్తుంది."

"ముందే ఎందుకు తెలియలేదు?"

"ల్యాబ్‌లో టెస్ట్ చేశాను. ల్యాబ్ తొమ్మిదికి తీస్తారు, ఐదుకి మూస్తారు. ఎనిమిది గంటలే. ఇక్కడికొచ్చాక..." రాజులమ్మ వైపు చూసింది. "రోజూ మధ్యాహ్నం మెయిన్ దించుతుంటే లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలవుతోంది. తొమ్మిది గంటలు ఎప్పుడూ దాటలేదు. నిన్న దాటింది."

షెడ్డులో డ్రమ్ము తిరుగుతూనే ఉంది.

"నానే నొక్కినాను బాబూ."

అందరూ వెనక్కి తిరిగారు. మల్లేశు లేచి నిలబడ్డాడు.

"పచ్చ బొత్తాం నానే నొక్కినాను. రాసుకోండి. పదండి, జీపెక్కుతాను."

"నిన్నటి నుంచీ నొక్కలేదన్నావు."

"అబద్దమాడినాను. ఆడి మీద కోపం నాకు. సంతలో అందరూ ఇన్నారు కదా."

"నాన్నా, ఊరుకో."

"నువ్వూరుకోయే గుంటా. నీకేటి తెలుసు."

వరహాలరావు అతని దగ్గరికి నడిచాడు. మెల్లగా అడిగాడు.

"ఇప్పుడెవరు నొక్కారు మల్లేశూ? నీ రెండు చేతులూ భాస్కర్ పట్టుకునే ఉన్నాడే."

మల్లేశు తన మణికట్ల వైపు చూసుకున్నాడు. అవి తనవి కావన్నట్టు చూశాడు.

"దాన్నేటీ సెయ్యకండి బాబూ. మా ఊర్లో సదివింది అదొక్కతే."

"వదులు భాస్కర్." ఎస్సై మేనేజర్ వైపు తిరిగాడు. "మెయిన్ ముట్టుకోవద్దన్న మాట కూడా కాగితం మీద రాస్తాను. మీరు సంతకం పెట్టాలి. కనకా, నువ్వు స్టేట్‌మెంట్ ఇవ్వాలి. తర్వాత ఏమవుతుందో నేను చెప్పలేను."

"ఇస్తాను సార్."

చిన్నమ్మి లేచింది. నిన్నటి నుంచి మొదటిసారి కనక ముఖంలోకి చూసింది.

"ఎంత తప్పే అది?"

కనక గోడ మీది పెట్టె వైపు చూసింది.

"ఇంకెంత రాసుంటే నీ మామ బతికుండును?"

"ఒక్క మాట అత్తా. ప్రోగ్రాంలో ఒక్క మాట మార్చుంటే చాలు."

చిన్నమ్మి తల ఊపింది. ఎస్సై వైపు తిరిగింది.

"నిన్న మీకొక మాట సెప్పలేదు బాబూ. కేసు మా అన్నని ఒదిలి మిసను మీదికి పోద్దేమోనని దాసినాను. బయం లేదు అన్నాక ఆయనింకో మాటన్నాడు."

"ఏమన్నాడు?"

"మన కనక కట్టిన మిసనే, అరగంటంటే అరగంటే అన్నాడు."

కనక నేల మీద కూలబడింది. ఎవరూ లేపలేదు.

చిన్నమ్మి తిరుగుతున్న డ్రమ్ము పక్క నుంచి గోడ దాకా నడిచింది. రెండు చేతులతో మెయిన్ దించింది.

అద్దం ఆరిపోయింది. డ్రమ్ము మరో చుట్టు తిరిగి, బరువుగా ఆగింది.